తప్పు వేళ్లది కాదు… తీగది!

కొత్తగా కొన్న బేస్ గిటార్ మూడు నెలలు తిరక్కుండానే బీరువా మీదికెక్కిందంటే ఇంట్లోవాళ్లు చెప్పే కారణం ఒక్కటే… ‘మావాడికి ఓపిక లేదండీ’ అని. పాపం, నూటికి సగం సార్లు ఆ మాట అబద్ధం. ఓపిక ఉంది, ఇష్టం ఉంది, రోజూ గంట కూర్చున్నాడు కూడా. లేనిదల్లా రెండు మిల్లీమీటర్ల తేడా చూసిపెట్టే మనిషి.

విస్సన్నపేట లాంటి ఊళ్లో బేస్ గిటార్ ఎలా వస్తుందో చూడండి. చర్చిలో కీబోర్డు ఉంటుంది. ప్యాడ్స్ ఉంటాయి. మామూలు గిటార్ వాయించే కుర్రాడూ ఒకడుంటాడు. అడుగున గుండె కొట్టుకున్నట్టు ‘దుం… దుం’ అని నడిపించే బేస్ ఒక్కటే లోటు. క్రిస్మస్ నాటికి అదీ ఉంటే ఎంత బాగుండు అని పిల్లలంతా అనుకుంటారు. ఇంటర్ చదివే అబ్బాయి సంగతి నాన్న చెవిన వేస్తాడు. మామిడితోట లెక్క చేతికొచ్చిన వేళ చూసి తండ్రీకొడుకులు విజయవాడ బస్సెక్కుతారు. పదిహేను వేలో ఇరవై వేలో పోసి, నల్లటి సంచిలో దాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని తిరిగొస్తారు. ఇంకా ఆరు నెలలుందిగా, ఈలోగా నేర్చేసుకుంటాడని ధీమా.

ఆగస్టు నాటికి మాటలు ఇలా ఉంటాయి.

“ఏరా, ఈ మధ్య వాయించట్లేదే?”

“వేళ్లు నొప్పెడుతున్నాయి నాన్నా. ఎంత నొక్కినా సరిగ్గా పలకట్లేదు.”

“మొదట్లో అందరికీ నొప్పేరా. అలవాటైతే అదే పోతుంది.”

నాన్న చెప్పిందాంట్లో సగం నిజం. తీగ వాయిద్యం ఏదైనా మొదటి వారాల్లో వేలికొసలు మండుతాయి. చర్మం గట్టిపడ్డాక తగ్గుతాయి. కానీ తీగ ఉండాల్సిన ఎత్తుకి రెట్టింపులో ఉంటే? నొప్పి తగ్గదు, పాట రాదు. కొత్త సైకిల్ కొంటే సీటు దించి, పిల్లాడి కాళ్లు అందుతున్నాయో లేదో చూసి మరీ పంపిస్తాడు షాపువాడు. కొత్త గిటార్ విషయంలో మాత్రం ఆ పని జరిగిందో లేదో అడిగేవాళ్లే తక్కువ.

స్టీలు స్కేలు చాలు

ఎత్తు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి సంగీతం రానక్కర్లేదు. పుస్తకాల షాపులో దొరికే స్టీలు స్కేలు ఒకటి చాలు, అర మిల్లీమీటరు గీతలున్నది. ముందు గిటార్‌ని శ్రుతి చేయాలి. వదులుగా ఉన్న తీగల్ని కొలిస్తే ఆ కొలతకి అర్థం లేదు. తర్వాత గిటార్‌ని వాయించే భంగిమలోనే పట్టుకుని 12వ మెట్టు దగ్గర చూడాలి. ఫ్రెట్ అని వాయించేవాళ్లు అంటారే, అదే మెట్టు. ఆ మెట్టు నెత్తి నుంచి తీగ అడుగు వరకూ ఎంత ఖాళీ ఉంది? చాలామంది చేతులకి రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు హాయిగా ఉంటుంది. మూడున్నర, నాలుగు ఉందంటే మాత్రం తప్పు అబ్బాయిది కాదు.

రెండు మిల్లీమీటర్లకే అంత తేడా ఏమిటనిపిస్తుంది. బేస్ తీగ సంగతి తెలిస్తే అనిపించదు. బేస్‌లో తీగల పొడవు సాధారణంగా 34 అంగుళాలు. అన్నిటికంటే లావుపాటి ‘ఇ’ తీగ సెకనుకి సుమారు 41 సార్లు మాత్రమే ఊగుతుంది. అంత మంద్రంగా పలకాలి కాబట్టే అంత లావు. నాలుగు తీగలూ కలిసి మెడ మీద సుమారు 75 నుంచి 80 కిలోల బలంతో లాగుతుంటాయి. అంటే ఓ నిండు మనిషి బరువు! అంత బిగువున్న తీగని మెట్టు దాకా వంచాలంటే ప్రతి అర మిల్లీమీటరూ వేలికి తెలుస్తుంది.

నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు. అసలు ప్రమాదం ఇంకోటుంది. ఎత్తుగా ఉన్న తీగని కిందికి నొక్కితే అది సాగుతుంది. సాగితే స్వరం పైకి జరుగుతుంది. ఖాళీ తీగ సరిగ్గా శ్రుతిలోనే ఉంటుంది, వేలేసి నొక్కగానే రవ్వంత ఎక్కువ పలుకుతుంది. పక్కన కీబోర్డు తన శ్రుతిలో తానుంటుంది. అందరూ తిరిగి చూసేది కుర్రాడి వంకే. ‘వీడికి శ్రుతిజ్ఞానం లేదు’ అన్న ముద్ర పడిపోతుంది. ఒకసారి పడ్డ ముద్ర పోవడం ఎంత కష్టమో తెలిసిందే కదా.

ఇందులో ఓ వింత కూడా ఉంది. అమెరికాలో లియో ఫెండర్ 1951లో తెచ్చిన బేస్ గిటార్‌కి పెట్టిన పేరే ప్రెసిషన్ బేస్… కచ్చితమైన బేస్ అని అర్థం. అప్పటిదాకా నిలువెత్తు డబుల్ బేస్‌కి మెట్లే ఉండేవి కావు. చెవిని నమ్ముకుని వేలెక్కడ పెట్టాలో వెతుక్కోవాలి. ఆ వెతుకులాట లేకుండా మెట్లు పెట్టి కచ్చితంగా పలికించడమే ఈ వాయిద్యం పుట్టుకకి ఓ కారణం. సరిచేయకుండా చేతికిస్తే ఆ కచ్చితత్వం కాస్తా గాలికి పోయినట్టే.

నూజివీడు వీణ దగ్గర…

ఈ విద్య విస్సన్నపేట ప్రాంతానికి కొత్తదేం కాదు. పక్కనే ఉన్న నూజివీడుకి మామిడితోపాటు వీణలకీ పేరుంది. ఉత్తరాంధ్రలో బొబ్బిలి ఎలాగో ఇటు నూజివీడు అలాగ. పనసకర్రని తొలిచి కుండ, దండి చేయడం ఒక ఎత్తు. దాన్ని పలికేలా చేయడం ఇంకో ఎత్తు. చెక్కపని పూర్తయిన వీణ చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా, మేళం కట్టేదాకా అది బొమ్మే.

మేళం అంటే తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి చేసిన నల్లటి ముద్ద. దండి మీద రెండు వైపులా దాన్ని గట్టులా పోసి, ఆ గట్ల మీద 24 లోహపు మెట్లు అమరుస్తారు. 24 మెట్లతో రెండు స్థాయిలూ పలికే ఈ అమరిక 17వ శతాబ్దంలో తంజావూరుని ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో స్థిరపడిందని సంగీత చరిత్ర చెబుతుంది. ఆయన స్వయంగా తెలుగు కవి కూడా. అప్పటి నుంచీ మేళం కట్టే పని చెవితో జరిగేదే. మైనం మెత్తగా ఉండగా మెట్టు పెట్టడం, తీగ మీటి వినడం, వెంట్రుకవాసి జరపడం, మళ్లీ వినడం. మెట్టు కాస్త దిగిందంటే స్వరం మారుతుంది, పక్క మెట్టుకి తీగ తగిలి గరగరమంటుంది. లేచిందంటే వేలికి బరువు. ఇలా ఒకటా రెండా… ఇరవై నాలుగు!

పైగా వీణలో తీగని నొక్కితే సరిపోదు. పక్కకి లాగి గమకం పలికించాలి. ఎత్తు తప్పితే లాగడం నరకం. ఎండలకి మైనం మెత్తబడి మెట్లు చోటు కదులుతాయి కాబట్టి మేళం మళ్లీ మళ్లీ కట్టించుకోవాల్సిందే. వీణ నేర్పే ఇళ్లలో దీన్నెవరూ తప్పుగా అనుకోరు. ‘మేళం కట్టించాలమ్మా’ అంటే, ‘అమ్మాయికి చెయ్యి తిరగట్లేదు’ అని అర్థం చేసుకోరు. వాయిద్యానికి చేయాల్సిన పని వాయిద్యానికి చేయాలన్న ఇంగితం ఆ సంప్రదాయంలోనే ఉంది. అట్టపెట్టెలో వచ్చిన గిటార్ దగ్గరికొచ్చేసరికి అదే ఇంగితం ఎందుకో మాయమవుతుంది. ఫ్యాక్టరీలో తయారైంది కదా, అంతా చూసే పంపి ఉంటారన్న నమ్మకం కాబోలు!

వీణకీ గిటార్‌కీ తేడా ఒకటుంది. అది తెలిస్తే మిగతా పని సులువు. వీణలో మెట్టుని కదపొచ్చు. గిటార్‌లో మెట్లు చెక్కలో దిగ్గొట్టేసి ఉంటాయి, కదలవు. అందుకే ఇక్కడ తీగనే పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరపాలి. వీణకారుడు మైనంలో ఒకేసారి చేసే రెండు పనుల్ని, ఇక్కడ రెండు రకాల మరలు విడివిడిగా చేస్తాయి.

వాయిద్యాన్ని మనిషికి తగ్గట్టు మార్చుకోవడంలో మన పాలకొల్లు కుర్రాడిని మించినవాడెవరు? మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) కర్ణాటక సంగీతం కోసం జంట తీగల మాండలిన్‌ని పక్కనపెట్టి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. ఆయన చేతిలో అది పరాయి వాయిద్యమని ఎవరికైనా అనిపించిందా!

ముందు మెడ, తర్వాతే ఎత్తు

తీగలు ఎత్తుగా ఉన్నాయనగానే చాలామంది చేయి నేరుగా బ్రిడ్జి మీదికి పోతుంది. అక్కడ మరలు కనిపిస్తాయి కదా! కానీ మొదట చూడాల్సింది గిటార్ మెడ. 80 కిలోల బలంతో తీగలు లాగుతుంటే చెక్క మెడ విల్లులా కాస్త ముందుకి వంగుతుంది. ఆ వంపుని అదుపులో పెట్టడానికి మెడ లోపల ఓ ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్నే ట్రస్ రాడ్ అంటారు. బిగించి వదులు చేసుకునే వీలున్న ఇలాంటి కడ్డీకి 1920లలో పేటెంట్ సంపాదించినవాడు గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ. వందేళ్లు దాటినా కిటుకు అదే.

మెడ వంపు చూడటానికి ఇంట్లోనే ఓ ఉపాయం ఉంది. తీగని మొదటి మెట్టు దగ్గర ఒక చేత్తో, మెడ వెళ్లి ఒంటితో కలిసే చోట మెట్టు దగ్గర ఇంకో చేత్తో నొక్కిపట్టాలి. ఇప్పుడు తీగే స్కేలులా నిటారుగా ఉంటుంది. నడుమ, ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర తీగ కింద సన్నటి సందు కనిపించాలి. అందులో ఓ విజిటింగ్ కార్డు తీగని లేపకుండా దూరిందంటే వంపు దాదాపు సరిపోయినట్టే. కార్డు మందం ఇంచుమించు 0.3 మిల్లీమీటర్లు కదా, కావాల్సిందీ అంతే. ఇంకా కచ్చితంగా కావాలంటే ఫీలర్ గేజ్ ఉంది. దానికోసం ఎక్కడికో పోనక్కర్లేదు, మోటార్‌సైకిల్ టాపెట్లు సెట్ చేసే మెకానిక్‌ని అడిగితే చాలు.

సందు మరీ ఎక్కువుంటే కడ్డీని బిగించాలి. కీ పెట్టిన వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిక్కుకి తిప్పితే మెడ నిటారవుతుంది. అసలు సందే లేకపోతే అటు నుంచి ఇటు తిప్పి వదులు చేయాలి. ఎంత తిప్పాలి? పావు తిప్పు. అంతకంటే వద్దు. మళ్లీ శ్రుతి చేసి, ఓ రాత్రి అలా వదిలేసి, మర్నాడు చూడాలి. చెక్క నెమ్మది మనిషి లాంటిది, చెప్పింది వెంటనే వినదు. గిటార్‌తో ఇచ్చిన ఎల్ కీ కాకుండా ఇంట్లో దొరికిన ఏదో ఒకటి దూర్చి తిప్పితే మర అరిగిపోతుంది. ఎంతకీ తిరగకపోతే అక్కడితో ఆగిపోవాలి. బలవంతం చేసి కడ్డీ విరగ్గొడితే ఆ మెడ ఇక బాగుపడటం కష్టం. ఇంటిపనిలో నిజంగా భయపడాల్సిన చోటు ఇదొక్కటే.

మెడ కుదిరాక బ్రిడ్జి. అక్కడ ఒక్కో తీగా ఓ చిన్న లోహపు పీట మీద కూర్చుని ఉంటుంది. శాడిల్ అంటారు. దానికి రెండు వైపులా రెండు బుల్లి మరలు. వాటిని తిప్పితే పీట లేస్తుంది, దిగుతుంది. నాలుగు తీగల్నీ ఒకే ఎత్తులో పెట్టేయడం కొత్తవాళ్లు చేసే పని. లావు తీగ ఎక్కువ వెడల్పున ఊగుతుంది, దానికి చోటెక్కువ కావాలి. అందుకే ‘ఇ’ తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లుంటే, సన్నటి ‘జి’ దగ్గర రెండు చాలు. మధ్యవి ఆ మధ్యలో. కొంచెం దించడం, ప్రతి మెట్టు మీదా మీటి వినడం. గరగర మొదలైన చోట ఆగి, ఓ వెంట్రుకవాసి పైకి లేపడం. ఇంతే పని.

గరగర వచ్చిందని కంగారు పడక్కర్లేదు. అది ఎక్కడ వస్తోందో వింటే జబ్బేమిటో అదే చెబుతుంది. మొదటి నాలుగైదు మెట్ల దగ్గరే వస్తే మెడ మరీ నిటారైపోయిందన్నమాట. 12వ మెట్టు దాటాక వస్తే పీట మరీ దిగింది. ఏ వేలూ వేయకుండా ఖాళీ తీగ మీటినప్పుడే వస్తే మెడ చివర తీగలు దూరే తెల్లటి గాళ్ల పట్టీ దగ్గర లోపం. దాన్ని నట్ అంటారు, పేరు చూసి బోల్టుకి పట్టే నట్ అనుకునేరు! ఇక ఒకే ఒక్క మెట్టు మీద గరగర వస్తోందంటే దాని పక్క మెట్టు లేచి ఉంటుంది. ఆంప్లిఫయర్ ఆపి వింటే చిన్న టిక్కుటిక్కులు ఎప్పుడూ ఉంటాయి. స్పీకర్లోంచి వినిపించనంత వరకూ వాటిని పట్టించుకోనక్కర్లేదు.

ఆఖరుది స్వరం సరిచూడటం. తీగకి నట్టనడుమ, 12వ మెట్టుకి సరిగ్గా పైన వేలు నొక్కకుండా తాకించి మీటితే గంట మోగినట్టు ఓ సన్నటి నాదం వస్తుంది. తర్వాత అదే మెట్టుని నొక్కి మీటాలి. రెండూ ఒకేలా ఉండాలి. చెవి చాలకపోతే ట్యూనర్ ఉంది, ఇప్పుడు ఫోన్లోనూ దొరుకుతోంది. నొక్కినది ఎక్కువ పలికితే పీటని మెడకి దూరంగా జరపాలి, తక్కువ పలికితే దగ్గరికి. 34 అంగుళాల తీగకి సగం 17 అంగుళాలే అయినా, నొక్కితే తీగ సాగుతుంది కాబట్టి ఆ సాగినదానికి పరిహారంగా కాస్త పొడవు అదనంగా ఇవ్వడమే ఇక్కడ జరిగేది. అందుకే బ్రిడ్జి మీద నాలుగు పీటలూ ఒక వరసలో ఉండవు. లావు తీగల పీటలు వెనక్కి, సన్నవి ముందుకి. ఆ వంకర వరస చూసి గిటార్ పాడైందనుకుని నాలుగింటినీ తిన్నగా సర్దేసిన బుద్ధిమంతులూ లేకపోలేదు!

ఎత్తులో ఆనందం ఉన్నవాళ్లు

తీగ ఎంత దిగితే అంత మంచిదా అంటే… కాదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ (1936–1983) ఈ లెక్కలన్నిటికీ ఎదురు సమాధానం. ఆయన తన ప్రెసిషన్ బేస్ మీద తీగల్ని బాగా ఎత్తుగా ఉంచుకునేవాడు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదట. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. అయినా ప్రపంచంలో బేస్ వాయించేవాళ్లలో ఆయనకి దణ్ణం పెట్టనివాళ్లు అరుదు. డబుల్ బేస్ మీద రాటుదేలిన చెయ్యి అది, ఆ ఎత్తే ఆయనకి సుఖం. గట్టిగా మీటే అలవాటున్న వాళ్లకి తీగ కొంచెం ఎత్తులో ఉంటేనే నాదం నిండుగా వస్తుంది. మెత్తగా మీటేవాళ్లకి కింద ఉంటే హాయి.

అందుకే షాపులో సెటప్ చేయించేటప్పుడు గిటార్ ఒక్కటీ వెళ్తే సరిపోదు, వాయించేవాడు కూడా ఉండాలి. నాన్న ఒక్కడే పనిమీద విజయవాడ వెళ్తూ ‘పన్లో పనిగా’ పట్టుకుపోవడం దండగ. దర్జీ దగ్గరికి కొలతలివ్వకుండా గుడ్డ పంపినట్టుంటుంది. కొనేరోజే ‘తీగల ఎత్తు చూసి సెట్ చేసివ్వండి’ అని అడిగి, అక్కడే కూర్చుని అబ్బాయిచేత వాయించి చూపించమంటే సగం బాధ తప్పుతుంది. నట్ గాళ్లని అరగదీయడం, లేచిన మెట్లని సమం చేయడం లాంటివి మాత్రం ఎప్పుడూ తెలిసిన చేతులకే వదిలేయాలి. ఎక్కువ అరగదీసిన గాడిని తిరిగి పూడ్చడం మామూలు పని కాదు.

కంపెనీలనీ పూర్తిగా తప్పుపట్టడానికి లేదు. ఎక్కడో తయారైన గిటార్ ఏ దేశం ఎండలో, ఎవరి చేతిలో పడుతుందో వాళ్లకేం తెలుసు? మరీ దించి పంపితే గరగరమంటోందని తిప్పి పంపిస్తారు. కొంచెం ఎత్తుగా వదిలితే ఆ గొడవ లేదు. తర్వాత తిప్పుకోవడానికే కదా ఆ మరలు పెట్టింది! పెట్టెలోంచి తీసి అవతల పడేసే ఎల్ కీలు అందుకే ఇస్తారు. చీపురుతోపాటు ఊడ్చేయకుండా సంచి జేబులో దాచుకోవాలి.

ఇంకోమాట. ఒకసారి సరిచేస్తే జీవితాంతం ఉంటుందనుకోవద్దు. మే నెల వడగాడ్పులకి ఎండిన చెక్క ఒక తీరుగా ఉంటుంది, ఆగస్టు ముసురుకి తేమ పీల్చిన చెక్క ఇంకో తీరుగా ఉంటుంది. కాలం మారినప్పుడల్లా విజిటింగ్ కార్డు పెట్టి ఓసారి చూసుకోవడం మేలు. రేకుల గదిలో గోడకి తగిలించడం, ఎండలో ఆపిన కారు డిక్కీలో వదిలేయడం చెక్కకి పడదు. లావు రకం తీగలు తీసి సన్నవి వేసినా, సన్నవి తీసి లావువి వేసినా లాగే బలం మారుతుంది కాబట్టి మెడ దగ్గర నుంచి పని మళ్లీ మొదలు.

బీరువా మీద గిటార్ ఉన్న ఇంట్లో చేయాల్సిన మొదటి పని దాన్ని దించి, దుమ్ము దులిపి, శ్రుతి చేసి, స్కేలు పెట్టి చూడటం. అయితే చర్చిలో ఆదివారం వాయించాల్సి ఉంటే శనివారం రాత్రి ట్రస్ రాడ్ జోలికి పోకూడదు. సోమవారం తీరిగ్గా తిప్పుకోవచ్చు.